సభ పుస్తకంలో రెండు గీతలు

మా పెదనాన్న సంజీవప్ప రాసిన నోటు పుస్తకం ఒకటి ఇప్పుడు బెంగళూరులో ఉంది. క్రైస్తవ గుళ్ల పాత కాగితాలు భద్రపరిచే ఒక భవనంలో, రెండో అంతస్తులో, అట్టపెట్టెలో పెట్టి నంబరు వేశారు. పోయిన నెల వెళ్లి చూసి వచ్చాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు ముట్టుకోమన్నారు. పెదనాన్న దాన్ని వేరుశనగ విత్తనాల మూటలో దాచేవాడు. ఇప్పటికీ పుటల మధ్య ఎర్రటి పొట్టు ఉంది.

అందులో నలభై ఒక్క పేర్లున్నాయి. రెండు పేర్ల మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. ఒకటి మా నాన్న రాయప్పది. రెండోది పెదనాన్నదే. పుస్తకం ఒక్కటే చదివినవాళ్లకు అన్నదమ్ములిద్దరినీ సభ వెలివేసిందనీ, అలాగే పోయారనీ అనిపిస్తుంది. అది నిజమే గానీ సగమే. పెదనాన్న పోయి రెండేళ్లు దాటింది. మిగతా సగం తెలిసినవాళ్లం తగ్గిపోతున్నాం కాబట్టి రాస్తున్నాను.

నిడుగల్లు కొండ కింద మాది పదకొండు ఇళ్ల వీధి. ఊరంతా హిందువులు, మేము తాతల నాటి నుంచి కతోలిక క్రైస్తవులం. ఒక చిన్న గుడి, దాని వెనక సమాధుల తోట ఉండేవి. పూజ చేసే సాములోరు, అంటే ఫాదర్, రెండు నెలలకొకసారి వచ్చేవారు. ఆయన లేనప్పుడు చావు వస్తే చూసుకోవడానికి మా పెద్దలు మృతుల సభ పెట్టుకున్నారు. సభలో ఉన్నవాళ్లు గుంత తవ్వాలి, పాడె మోయాలి, చావింట్లో జపమాల చెప్పాలి. ప్రతి ఇల్లూ పంట కాలంలో శేరు వేరుశనగ కాయలు ఇస్తే, గానుగాడించి ఆ నూనెతో దేవమాత ముందు దీపం పెట్టేవాళ్లు.

సభలో చేరినవాళ్ల పేర్లు ఇంటి వరుసన పుస్తకంలో ఉంటాయి. ఎవరైనా పోతే పేరు ముందు శిలువ గుర్తు వేస్తారు. ఏటా ఆగస్టులో దేవమాత పండగకు మొత్తం పేర్లు చదువుతారు. నవంబరు రెండున, మృతుల పండగనాడు, శిలువ ఉన్న పేర్లు మాత్రం సమాధుల తోటలో గట్టిగా చదివి, ఆ ఆత్మల కోసం మోకాళ్ల మీద ప్రార్థిస్తారు. పేరు చదవకపోతే ఆత్మ మోక్షానికి పోలేక నడిమధ్య, పాపాలు కడుక్కునే ఉత్తరించే స్థలంలోనే నిలబడిపోతుందని మా వీధి నమ్మకం. అలా కాదని సాములోరు ఎన్నోసార్లు చెప్పారు. మావాళ్లు తలూపేవాళ్లు, మళ్లీ అదే నమ్మేవాళ్లు.

పెదనాన్న 1971 నుంచి సభ పెద్ద. చదివింది నాలుగో తరగతి. ముందు పెన్సిలుతో రాసుకుని, తప్పు లేదనుకున్నాక దాని మీద సిరా దిద్దేవాడు. శిలువ గుర్తు మాత్రం సమాధి మీద మట్టి ఆరాకే వేసేవాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. జబ్బు పడినవాళ్లను చూడడానికి వెళ్తే వాళ్లు బెదిరిపోయేవాళ్లు. ఒకసారి మరియక్కకు జ్వరమొచ్చి పడుకుంటే, పెదనాన్న గడప దాటగానే ఆమె దుప్పటి లోంచే అరిచింది: "ఏంది సంజీవప్పా, పుస్తకం గిన తెచ్చినావా? నేనింకా గంజి తాగతాండా, పో!"

మరియక్క మా ఎదురింటి ముసలామె. భర్త పోయాక ఆయన చోట సభలో చేరింది. అక్షరం ముక్క రాదు. సభ జరిగినప్పుడల్లా పెదనాన్న పక్కనే కూర్చుని, ఆయన చదువుతుంటే పెదవులు కదిపేది.

1985లో వాన లేదు. అంతకు ముందు ఏడాదీ అంతంతమాత్రమే. ఒక పదును చూసి వేసిన వేరుశనగ పూత మీద ఎండిపోయింది. గొర్రెలకు మేత లేక మావాళ్లు తుమ్మకాయలు రాల్చి పెట్టేవాళ్లు. ఆగస్టు చివర్లో ఊళ్లో మారెమ్మకు జాతర చేద్దామనుకున్నారు. వీధికొక పొట్టేలు అనుకుని, ఊరి పెద్ద బైలప్ప మా వీధికి కూడా వచ్చాడు. నాన్న వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"రాయప్పా, మీది ఏసు వీధి అని విడిచిపెడదామని కొందరన్నారు. నేనొద్దన్నా. వాన పడితే మీ చేన్లు విడిచిపెట్టి పడతాదా?"

"విడిచిపెట్టి పడితే పడనీ లే బైలప్పా. మీ చేన్లో నీళ్లు కడవలకెత్తుకోని మేమే మోసుకుంటాం."

"నవ్వులాట కాదప్పా. ఊరంతా ఒక మాట మీద ఉండాది."

నాన్న తాడు పక్కన పెట్టాడు. "సరే, రేప్పొద్దున పంపిస్తా" అన్నాడు.

పొట్టేలు వెళ్లింది. వాన మాత్రం రాలేదు. వచ్చింది సభ. బయటి దేవతకు బలి ఇచ్చినవాళ్ల పేరు మీద గీత కొట్టాలన్నది సభ కట్టుబాటు. వచ్చే దేవమాత పండగకు వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని, అందరి ముందూ మోకాళ్లేసి తప్పయిందని అడిగితే గీత పక్కన 'చేరినాడు' అని రాస్తారు. అడగాల్సింది తప్పు చేసినవాడే. ఒకరి బదులు ఇంకొకరు అడగడానికి లేదు.

గుడి ముందు అందరూ కూర్చున్నారు. ఎవరిచ్చారని అడిగితే నాన్న లేచి, "నేనిచ్చినా" అన్నాడు. పెదనాన్న పుస్తకం ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. చాలాసేపు కలం మూత తీయలేదు. "కానీప్పా, రూలు రూలే గదా" అని ఎవరో అన్నాక గీత కొట్టాడు. దానికి మాత్రం ముందు పెన్సిలు వాడలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు నాన్న మామూలుగానే ఉన్నాడు. "వచ్చే పండక్కి మోకాళ్లేస్తా లేన్నా. ఏడాది ఎంతసేపు?" అన్నాడు.

ఏడాది పూర్తి కాలేదు. 1986 మే నెలలో వెంకటమ్మనహళ్లి దగ్గర ఒక బావి లోతు చేసే పనికి వెళ్లి, ఒడ్డు విరిగిపడి పోయాడు. గీత ఉన్నవాడి పాడె సభ మోయకూడదు. సభవాళ్లు వచ్చి చేతులు కట్టుకుని వీధి చివర నిలబడ్డారు. బైలప్ప, ఊళ్లోవాళ్లు ముగ్గురు మోశారు. గుంత పెదనాన్న ఒక్కడే తవ్వాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. ఎవరైనా పార పట్టబోతే వద్దన్నాడు.

పుస్తకంలో నాన్న పేరు ముందు శిలువ గుర్తు వేయలేదు. ఆ నవంబరులో పెదనాన్న పేర్లు చదువుతూ ఆ చోటికి వచ్చాక ఆగాడు. ఒక పేరు పలకడానికి పట్టేంత సేపు ఊరుకుని, తర్వాతి పేరు ఎత్తుకున్నాడు. తర్వాత ప్రతి ఏడూ అంతే.

అప్పుడు నేను పావగడలో కాలేజీలో ఉన్నాను. అమ్మ ముందే పోయింది, నాకు ఇల్లంటే పెదనాన్న ఇల్లే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఒక్క పేరు. చదివితే ఏమైతాది పెదనాయనా?"

"గీత కొట్టిన చెయ్యీ నాదే, చదివే నోరూ నాదే. దేన్ని అబద్ధం చేయమంటావమ్మీ?"

సాములోరిని అడిగాను. "దేవుడు మీ నోటు పుస్తకం చూసి తీర్పు చెప్పడమ్మా. అయినా ఆ పుస్తకం మీ సభది, నాది కాదు. రాసినవాళ్లే చూసుకోవాలి" అన్నారు. అదే మాట పెదనాన్నకు చెబితే విని, గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

1993 నాటికి నేను వై.ఎన్.హొసకోటలో టీచర్ని. ఆ ఎండాకాలం సెలవుల్లో ఫిలోమినా అనే మేడం బెంగళూరు నుంచి, ఆ కాగితాలు భద్రపరిచే చోటి నుంచే, వచ్చారు. సాములోర్లు లేని చోట మామూలు జనం పెట్టుకున్న సభల గురించి ఆమె పరిశోధన. కోలారు వైపు మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవారు. బస్సులో నేనే తీసుకొచ్చాను.

పెదనాన్న ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి మంచం మీద పరిచాడు. కుట్లు ఊడిన ప్రార్థన పుస్తకం, జ్ఞానస్నానాల చీటీలు, దేవమాత విగ్రహాన్ని బండిలో తెప్పించినప్పటి రసీదు ఉన్నాయి. మొక్కు తీరినవాళ్లు గుడికి ఇచ్చిన రేకు కళ్లు, రేకు కాళ్లు కూడా ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటీ ఎత్తి చూసి, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని రాసుకున్నారు. ఇన్నేళ్లూ మేము అటక మీద పారేసిన వాటిని ఎవరో అంత జాగ్రత్తగా పట్టుకోవడం మాకు వింతగా ఉండింది. చివరికి పెదనాన్న విత్తనాల మూట విప్పి సభ పుస్తకం తీశాడు.

మేడం దాన్ని గంటసేపు చూశారు. "ఇలాంటివి ఎక్కడా మిగల్లేదు. దీన్ని మాకు ఇవ్వండి, అక్కడ భద్రంగా ఉంటుంది" అన్నారు.

"ఆడ ఎన్నేండ్లుంటాది?"

"చెదలు పట్టదు, తడవదు. వందేళ్లయినా ఉంటుంది."

"అయితే నా తమ్ముని మీద గీత వందేండ్లుంటాది." పెదనాన్న ఇది మేడంతో అన్నట్టు లేదు. గీత మీద వేలుంచి, "దీన్ని చెరపొచ్చునా?" అని అడిగాడు.

"ఉన్నది చెరపకూడదు. చెరిపితే ఇక దేన్నీ నమ్మలేం. కొత్తగా చెప్పాల్సింది ఉంటే కింద తేదీ వేసి రాయొచ్చు."

పెదనాన్న లేచి సభవాళ్లను పిలుచుకుని రమ్మని నన్ను పంపాడు. వలస పోయినవాళ్లు పోగా వీధిలో నలుగురే ఉన్నారు. వాళ్లు వచ్చి కూర్చున్నాక, కలం తీసుకుని, పెన్సిలు గీతలు లేకుండా నేరుగా సిరాతో రాశాడు. రాసింది గట్టిగా చదివాడు:

"ఆ పొట్టేలు ఇద్దరిదీ. మందలోంచి ఏరి పట్టిచ్చింది నేను. తమ్ముడు ఒక్కడే లేచినాడు. నేను లేవలేదు."

చదివి, తన పేరు మీద తనే గీత కొట్టాడు.

మందలో గొర్రెలు ఎవరివి ఏవని నాకూ ఎప్పుడూ తోచలేదు. ఇద్దరూ ఒకే దొడ్లో కట్టేవాళ్లు. మరియక్క ముందుగా తేరుకుంది.

"ఎనిమిదేండ్లా సంజీవప్పా? నీ పక్కనే కూచున్నా గదా నేను! ఆయప్ప పాడె కాడ చేతులు కట్టుకోని నిలబడితిమి, నీ నోరు యాడ పెట్టుకున్నావు?"

"నోట్లోనే ఉండె మరియక్కా."

"మన్ను పొయ్య ఆ నోట్లో" అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

మిగిలిన ముగ్గురిలో చౌరప్ప పెద్దవాడు. ఆయన కట్టుబాటు గుర్తు చేశాడు. రాయప్ప గీత తీయడానికి లేదు, వచ్చి అడగాల్సినవాడు లేడు. "నువ్వుండావు గదప్పా. ఆగస్టుకి మోకాళ్లేయి, నిన్ను చేర్చుకుంటాం."

"నా తమ్ముడు వేసినంక వేస్తా" అన్నాడు పెదనాన్న. ఆ మాట మీదే ఉన్నాడు. పుస్తకం మేడం చేతికి ఇచ్చాడు. జిరాక్సు కాపీ పంపిస్తానని ఆమె అంటే వద్దన్నాడు.

ఆ ఏడు ఆగస్టు పండగకు ఆయన గుడి బయటే నిలబడ్డాడు. నవంబరు రెండు వచ్చింది. ఆ ఏడు వాన కొంత మేలు, ఊరంతా వేరుశనగ పెరుకుతున్నారు. పొద్దున్నే సమాధుల తోటలో చేరాం. పుస్తకం లేదు, గీత ఉన్నవాడు పేర్లు చెప్పకూడదు. ఎవరు చెప్పాలని వాళ్లూ వీళ్లూ చూసుకుంటుంటే మరియక్క ముందుకొచ్చింది. "నాకొస్తాది. ముప్పై ఏండ్లుగా వింటాండా" అంది.

కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. పోయినవాళ్ల పేర్లు, పుస్తకంలోని వరుసలోనే, ఇంటి తర్వాత ఇల్లు, ఎక్కడా తడబడలేదు. మా ఇంటి వరుస వచ్చింది. మా తాత పేరు, మా అవ్వ పేరు చెప్పి, ఆగకుండా "రాయప్ప" అంది. తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

అన్నీ అయ్యాక చౌరప్ప నెమ్మదిగా అన్నాడు. "మరియక్కా, రాయప్పకి గీత ఉండె గదా."

"ఉంటే ఉండెనేమో. నాకు చదువొస్తే గదప్పా గీత కనపడేది?"

చౌరప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందరం కూర్చున్నాం. గోడ అవతల పెదనాన్న పొలం నుంచి అలాగే వచ్చి నిలబడి ఉన్నాడు, చేతులకు ఎర్రమన్ను. ప్రార్థన మొదలయ్యేసరికి గోడ మీద ఆయన తల కనిపించలేదు. ఆయన కూడా మోకాళ్లేశాడో, ఊరికే కూలబడ్డాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ప్రార్థన కాగానే లేచి చేనికి వెళ్లిపోయాడు.

1997 మార్చిలో పెదనాన్న నిద్రలో పోయాడు. అప్పటికీ గుళ్లో మోకాళ్లేయలేదు. పాడె సంగతి వచ్చేసరికి చౌరప్ప తనే వచ్చి ముందు కొన భుజాన పెట్టుకున్నాడు. పుస్తకం లేదు కాబట్టి చూసి చెప్పేవాళ్లు లేరు. ఆ నవంబరులో మరియక్క "సంజీవప్ప, రాయప్ప" అని రెండు పేర్లూ కలిపే చెప్పింది.

బెంగళూరులో పుస్తకం మూసి ఇచ్చేటప్పుడు, అక్కడి ఉద్యోగిని ఒక అచ్చు కాగితం నా ముందు పెట్టింది. ఇందులోని మనుషుల గురించి ఇంకెక్కడైనా ఆధారాలుంటే రాయమంది. మా వీధి పేరు, మరియక్క పేరు రాశాను. వయసు ఎనభై రెండు అని రాశాను. చదువు రాదని కూడా రాశాను.