సుగుణ చెప్పిన సాక్ష్యం

స్వభావం ఎక్కడ ముగిసి జబ్బు ఎక్కడ మొదలవుతుంది? దొరికిన పుస్తకమల్లా చదివాను గాని, జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. ప్రశ్న మాత్రం మా పక్క క్వార్టరులో పుట్టింది.

రాయపూర్ రైల్వే కాలనీలో మా గోడకు ఆనుకుని సుగుణ, ఆమె తమ్ముడు ఐజాక్ ఉండేవారు. వాళ్ళది కాకినాడ వైపు. తండ్రి సర్వీసులో ఉండగా పోతే సుగుణకు పార్సిలాఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. చిక్కంతా మనుషులతోనే. నచ్చినవాళ్ళే లోకం, వాళ్ళు ఒక్కపూట పలకరించకపోతే అంత పాపిష్టివాళ్ళు లేరు. మా తెలుగు సంఘం పాస్టరుగారి భార్య గ్రేసమ్మను "అమ్మా" అంటూ కొంగు పట్టుకు తిరిగేది. ఆవిడ చెప్పకుండా ఊరెళ్ళి వచ్చిందని, ఆవిడ పంపిన పులుసు గిన్నెతో సహా వాకిట్లోకి విసిరింది. సాయంత్రానికి వెళ్ళి కాళ్ళ మీద పడింది. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్టే. కోపం తన మీదికి తిప్పుకున్న రోజుల గాట్లు దాని కింద ఉండేవి.

"రోగం లేదు, గీగం లేదు విజయక్కా. జిద్దు! ఒట్టి మొండితనం!" అనేవాడు ఐజాక్ నాతో.

సంఘంలో దురాత్మ అన్నారు. ఉపవాస ప్రార్థనలు పెట్టారు.

1991లో ఒకసారి ఆసుపత్రి పాలయింది. అక్కడివాళ్ళు ఊళ్ళోనే పండరీ పేటలో ఉండే ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. నేనే వెంట వెళ్ళాను. డాక్టరమ్మ అంతా విని, పర్సనాలిటీ డిజార్డర్ అని హిందీలో నిదానంగా చెప్పింది. "దయ్యం కాదు, నాటకం కాదు. వదిలేస్తారన్న భయం చిన్నప్పుడే గట్టిపడిపోయింది. గోలీలు నిద్రకు ఇస్తాను. అసలు వైద్యం మాట్లాడుకోవడమే, ఏళ్ళు పడుతుంది. గురువారం సాయంత్రం అయిదింటికి రా. ఆ వేళకు నేను తప్పకుండా ఉంటాను. వేరే వేళ ఇంటికి రావద్దు."

ఆ నెలలోనే సుగుణ ఒక ఆదివారం ఆవిడ ఇంటికి పోయింది. లోపలికి రానివ్వలేదు.

"డాక్టరా అది? జైలరు! మళ్ళీ మొహం చూస్తే ఒట్టు."

గురువారం మళ్ళీ వెళ్ళింది, తిట్టడానికట. అరగంట తిట్టిందట. ఆవిడ విని, వచ్చే గురువారం అయిదింటికి రమ్మందట. "తిట్టినా అక్కడే కూచుంది అక్కా," అంది సుగుణ, నమ్మలేనట్టు.

రెండేళ్ళు అలా నడిచింది. కోపం పోలేదు. వచ్చినప్పుడు మొహం కడుక్కుని, కాలనీ గేటుదాకా నడిచి వచ్చి, అప్పుడు జవాబు చెప్పడం నేర్చుకుంది. గిన్నెలు వాకిట్లో పడటం తగ్గింది.

అది సంఘం కంట పడింది. స్వస్థత పొందినవాళ్ళు నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పడం మాలో ఆచారం. చెప్పాక ఇంకా వైద్యానికి తిరిగితే అవిశ్వాసం కిందే లెక్క.

"దేవుడి మేలు దాచకూడదమ్మా," అంది గ్రేసమ్మ. "ఈ గురువారం స్త్రీల కూడికలో చెప్పు. బస్, చాలు, ఆ గోలీలూ ఆ డాక్టరూ ఇక దేనికి?"

ఆమె వెళ్ళాక సుగుణ నా వంటింట్లో పీట వేసుకుని కూచుంది.

"కాదంటే వీళ్ళంతా నన్ను వదిలేస్తారు. సరేనంటే డాక్టరమ్మ పోతుంది. ఏం చెయ్యను?"

"ఆవిడ్నే అడగకపోయావా?"

"అడిగాను. నిర్ణయం నీదేనంది. మహా ఉపకారం చేసింది!"

కూడిక ఆ వారం మా ఇంట్లోనే. మూడింటికి మొదలైంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. గ్రేసమ్మ పిలిచింది. సుగుణ లేచి నిలబడింది.

"దేవుడు మేలు చేస్తున్నాడు. డాక్టరమ్మ దగ్గర చేస్తున్నాడు. ఇంకా అయిపోలేదు. నాకు పూర్తిగా నయం కాలేదు. అయిందంటే అబద్ధం."

"అయ్యో ప్రభువా!" అంది మూలనుంచి ఎవరో ముసలమ్మ.

"ఇదేం సాక్ష్యమే తల్లీ!" అని ఇంకొకామె.

గ్రేసమ్మ మొహం మాడిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "కూచో సుగుణా. ఈమె విశ్వాసం కోసం అందరం కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం."

సుగుణ కూచుంది. ప్రార్థన మొదలైంది. గ్రేసమ్మ ప్రార్థన చేస్తే పొడుగు. ఆ రోజు మరీ పొడుగు. తలలు వంచుకుని, మధ్యమధ్య స్తోత్రం అంటూ కూచున్నాం.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి గడియారంలో నాలుగున్నర దాటింది. చాప మీద సుగుణ చోటు ఖాళీగా ఉంది. గుమ్మం బయట చెప్పులూ లేవు.