నన్ను ‘మీరు’ అన్న గురువు గారు

పోయిన మంగళవారం మా గురువు గారు పోయారు. సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో, సొంత ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తూ. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను గానీ, ముందు నా కుళ్ళు సంగతి చెప్పాలి.

సిడ్నీలో ఆయన దగ్గర పరిశోధన చేసిన తెలుగువాళ్ళం ఇద్దరమే. నేనూ, తెనాలివాడొకడూ. వాడు ‘ఒరేయ్’. రంగుల కంపెనీలో ఎనిమిదేళ్ళు పనిచేసి ఆలస్యంగా వచ్చిన నేను ‘మీరు’.

మా పని ఫార్మాల్డిహైడ్ వాయువును టోలుయిన్‌లో కరిగించి, డ్రై ఐస్ చలిలో చుక్క ఆమ్లం వేసి, అణువులను గొలుసుగా కట్టడం. అంత చలిలోనూ క్షణాల్లో తెల్లటి పొడి తేలుతుంది. ఏమాత్రం తడి తగిలినా గొలుసులు పొట్టివైపోతాయి. “తడికీ మనకీ పడదు” అనేవారు ఆయన. ఓవెన్‌లోంచి తీసిన తెనాలివాడి ఫ్లాస్కులను తడి మిగిలిందేమోనని బుగ్గ దగ్గర పెట్టుకుని మరీ చూసేవారు. నావి ముట్టుకునేవారు కాదు. నా పని మీద ఆయనకు ఆసక్తి లేదనుకున్నాను.

ఒక వానరోజు నేను బిరడా సరిగ్గా బిగించలేదు. పొడికి బదులు మైనంలాంటిదేదో వచ్చింది. “పర్లేదండీ, మళ్ళీ చేద్దురుగాని” అన్నారు. మరుసటి వారం వాడూ అదే తప్పు చేశాడు. “ఒరేయ్, బుర్ర ట్రైన్‌లో మర్చిపోయొచ్చావా? గడ్డి తింటున్నావా?” అని అరగంట తిట్టి, దోసె తినిపించడానికి తీసుకెళ్ళారు. తిట్లు దక్కలేదని ఏడ్చినవాడిని నేనొక్కడినేనేమో.

నా థీసిస్ అక్షరం అక్షరం ఆయనే దిద్దారు. ఈరోజు నేను తింటున్న తిండి ఆ దిద్దుబాట్ల చలవే. ప్రతిదాని పక్కనా ‘దయచేసి చూడండి’ అని రాసేవారు. దానికీ ఒళ్ళు మండేది.

అంత్యక్రియలయ్యాక తెనాలివాడూ నేనూ హారిస్ పార్క్‌లో, మనవాళ్ళ హోటల్లో టీకి కూర్చున్నాం.

“ల్యాబ్‌లో నువ్వంటే నాకెంత జెలసీయో తెలుసా?” అన్నాడు వాడు.

“నేనంటేనా? ఎందుకు?”

“నీ ఫ్లాస్కులు ఒక్కసారైనా చెక్ చేశారా ఆయన? అడిగితే, ‘మనోడు ఆరబెట్టాడురా, చూడక్కర్లేదు’ అనేవారు. నావైతే ప్రతీదీ చెక్కే.”

మనోడు. అన్నేళ్ళలో నా ఎదుట ఒక్కసారీ రాని మాట.

“ఎలా అన్నారు?” అని అడిగాను.

వాడు ఆయన గొంతుతో అని చూపించాడు, అచ్చం అలాగే. ఆ మాట వాడి చెవిన పడిందే గానీ నా చెవిన పడలేదని మళ్ళీ కుళ్ళు పుట్టింది. ఇంకోసారి అనమన్నాను.