రబ్బరు బ్యాండు వేసిన సీసా

అద్దం ముందు బతికేవాడికి వయసు దాచుకునే చోటు ఉండదు. సెలూన్‌లో కుర్చీ వెనక నిలబడి పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తలలు సరిచేస్తున్న హీరోకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. హీరో అన్నది ముద్దుపేరు. కుర్రతనంలో నుదుటి మీద పడే జుట్టు చూసి ఎవరో పెడితే అదే ఖాయమైపోయింది. ఇప్పుడు యాభై దాటాయి. కుర్చీలో మొహాలు మారుతూ ఉంటాయి, వెనక నిలబడ్డ మొహం మాత్రం అదే, రోజురోజుకీ జారిపోతూ. మొన్నొక కొత్త కస్టమరు "తాతగారూ, చెవుల దగ్గర కొంచెం తగ్గించండి" అన్నాడు. తగ్గించాడు గానీ, ఆ పూట అన్నం సహించలేదు.

ఆ బాధ భార్యతో చెప్పుకుంటే నవ్వేసి ఊరుకునేది. ఈయనగారు పోయి పోయి జిమ్ముల్లో పొడులు అమ్మే కస్టమరుతో చెప్పుకున్నాడు.

"పెప్టైడ్లని వయసు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి అన్నా. ముసలి ఎలుకలకి పొడిస్తే పరుగులు పెట్టాయంట!"

"మనుషులకో?"

"ఇంకా పరీక్షలు చేస్తున్నారు. అవి పూర్తయ్యేదాకా ఆగితే మనకి పళ్ళు ఊడిపోతాయి."

ఆ మాటకే మనవాడు బుట్టలో పడ్డాడు. సీసా అడుగున చిటికెడు తెల్లపొడి. దాంట్లో ఇంజెక్షన్ నీళ్ళు కలిపి, ఫ్రిజ్‌లో పెట్టుకుని, పొద్దున్నే బాత్రూముకి గడియ వేసుకుని పొట్టలో పొడుచుకునేవాడు. మూడు నెలలు గడిచాయి. మొహం ఎక్కడిదక్కడే ఉంది. నిద్ర మాత్రం బాగా పడుతోందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

సీసా మీద లేబులుంది. "పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు." ఇది భార్య కంట పడితే ఇల్లు పీకి పందిరి వేస్తుంది. అందుకని లేబులు కనపడకుండా కాగితం చుట్టి, అది జారకుండా పైన రబ్బరు బ్యాండు వేశాడు.

అదే ఫ్రిజ్‌లో అతని తల్లి ఇన్సులిన్ సీసా కూడా ఉంటుంది. ఆమెకి సిరంజి మీది గీతలు కళ్ళకి ఆనించి చూస్తే తెలుస్తాయి గానీ, సీసాల మీది సన్న అక్షరాలు ఆనవు. చేత్తో తడిమి గుర్తుపట్టేలా ఇన్సులిన్ సీసాకి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చింది ఎవరనుకున్నారు? ఈ మహానుభావుడే. ఎప్పుడో వేసి మరిచిపోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద కాగితం చుట్టిన సీసా కనిపించింది. పక్కనే వాడిన సిరంజి.

"అమ్మా, ఇన్సులిన్ వేసుకున్నావా?"

"ఇప్పుడే వేసుకున్నా నాన్నా. ఇవాళెందుకో మంట పుట్టింది. ఒళ్ళంతా ఆవిర్లొస్తున్నాయి."

మొహం, మెడ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఒక్క క్షణం, అవును, ఒక్క క్షణం అతనికి పాడు బుద్ధి పుట్టింది. కాసేపు చూద్దాం, ఏమీ కాకపోతే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని. అంతలో ఆమె కుర్చీ కోసం చెయ్యి చాపింది, అందలేదు, గోడకి జారగిలబడిపోయింది. హీరో ఇక ఆగలేదు. పక్కింటివాళ్ళని కేకేసి, వాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ సీసాకున్న కాగితం విప్పి లేబులు చదివింది.

"ఇందులో ఏముంది?"

హీరో ఆ మందు పేరు చెప్పాడు.

"అది రాసిన పేరు. లోపల ఏముంది? పొడి ఎవరు తయారు చేశారు? ఇంకేమన్నా కలిసిందా?"

"తెలీదండీ."

"తెలిస్తే దానికి తగ్గ మందిచ్చేదాన్ని. ఇప్పుడు కనిపెట్టుకుని ఉండటమే."

కనిపెట్టుకుని కూర్చున్నారు. బీపీ పడిపోయింది, సెలైన్ ఎక్కించారు, షుగరు పెరిగింది, ఇన్సులిన్ ఇచ్చారు. మిషను కూసినప్పుడల్లా హీరో ఉలిక్కిపడి లేచేవాడు. అమ్మా, నా చేతులారా చేశాను అని మనసులో వంద దండాలు పెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి ఎరుపు తగ్గింది, బీపీ నిలబడింది.

"ఒక్కసారే కదా, గండం గడిచినట్టే. రేపటిదాకా ఉంచుకుని చూస్తాం" అంది డాక్టరమ్మ.

తల్లి కళ్ళు తెరిచి కొడుకు వైపు చూసింది. "ఏం మందురా అది?"

దాచడానికి అతనిలో ఓపిక మిగల్లేదు. "వయసు తగ్గుతుందని చెప్పారమ్మా. మూడు నెలల నుంచి వేసుకుంటున్నా."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. గోడకి జారిపోయినప్పుడు కూడా బెదరని మనిషి మొహం తెల్లగా పాలిపోయింది.

"ఒక్కసారికే నాకింత అయితే, మూడు నెలలు పొడుచుకున్నాడు. వీడికేం కాదు కదమ్మా?"

డాక్టరమ్మ సీసా వంక చూసింది. "చెప్పలేనండీ. పరీక్షలు చేయాలి."

తల్లి సూదిగుచ్చిన చేతిని జాగ్రత్తగా ఎత్తిపట్టుకుని మంచం మీద గోడవైపుకి జరిగింది. ఖాళీ అయిన చోటుని రెండో చేత్తో తట్టింది.

"ఇలా వచ్చి పడుకోరా. ముందు వీణ్ణి చూడండమ్మా."

హీరో చెప్పులు విప్పి తల్లి పక్కన పడుకున్నాడు.