ఎర్రచుక్కల పటం

రాజశ్రీకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ పరగడుపున కడుపులో మొదట పడేది రాగి చెంబులో నీళ్ళే. రాత్రి నింపి మూత పెట్టి, తెల్లారి దగ్గరుండి తాగించేది తల్లి అప్పలకొండమ్మ. పిల్ల పేచీ పెడితే, "బుర్ర సురుగ్గా పని సేత్తాది, తాగమ్మా" అని బుజ్జగించేది. కోటవురట్లలో చెరకు వేసి, సీజనులో బెల్లం వండుకునే ఇల్లు అది. ఒక్కగానొక్క కూతురు.

పద్నాలుగో ఏట పిల్ల దస్తూరీ చెడింది. బడిలో బద్ధకమన్నారు. తర్వాత చెయ్యి వణికింది, మాట ముద్దయింది. ఉప్మాక వెంకన్నకు మొక్కారు. బలానికి టానిక్కులు తాగించారు. చివరికి విశాఖలో ఒక పెద్ద డాక్టరు సంగతి తేల్చేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది.

"ఒంట్లో చేరిన రాగి బయటికి పోవడం లేదమ్మా. మెదడులో పేరుకుపోయింది. ఇంట్లో రాగి పాత్రలుంటే తీసేయండి" అన్నాడాయన. ఇంకా చాలా చెప్పాడు గానీ, అప్పలకొండమ్మ చెవుల్లోకి ఆ తర్వాత ఒక్క ముక్కా వెళ్ళలేదు.

పదహారు నిండకుండానే పిల్ల పోయింది. తండ్రి తాతబ్బాయి ఆ చెంబును పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. భార్యను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏడవడానికైనా వీలుండేది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో కూతురి పేరెత్తిన వాళ్ళు లేరు.

ఆసుపత్రిలో ఉండగా రోజలిన్ అనే అమ్మాయి వచ్చి, పరిశోధనకని సంతకం పెట్టించుకుని, రాజశ్రీ చేతి మీంచి గోరంత చర్మం తీసుకుంది. అనకాపల్లి పిల్లే, హైదరాబాదులో ల్యాబులో పని. ఇప్పుడు సెలవులకు ఇంటికొచ్చిందని తెలిసి అప్పలకొండమ్మ ఫోన్ చేస్తే, తప్పకుండా రమ్మంది.

"ఎల్లి అడిగిరా" అన్నాడు తాతబ్బాయి, బెల్లం వండే పెనం కింద మంటలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ. ఏం అడగాలో ఇద్దరికీ తెలుసు.

అనకాపల్లిలో రోజలిన్ వాళ్ళమ్మ కృపావతి టీ తెచ్చి ఇచ్చింది. "ఇంటికొచ్చినా ఆ లేప్‌టాప్ మూయదండీ ఇది. అన్నం ఉడికిందో లేదో తెల్దు గానీ, కంటికి కనపడని కణం ఏటి సేత్తందో సెప్పేత్తాది!"

"అమ్మా, నువ్వెళ్ళు" అని రోజలిన్ ల్యాప్‌టాప్‌లో ఒక బొమ్మ తెరిచింది. నల్లటి తెర మీద నక్షత్రాలు చల్లినట్టు చుక్కలు.

"అప్పుడు తీసుకున్న చర్మం కణాల్ని వెనక్కి తిప్పామమ్మా. చర్మమూ కాదు, గుండే కాదు, ఏదైనా కాగలిగే మూలకణాలు చేశాం. వాటినే మళ్ళీ నరాల కణాలుగా పెంచుతున్నాం. అలా మారేటప్పుడు ఏ లోహం ఎంత, ఎక్కడ చేరుతోందో పటం గీస్తాం. నీలం జింకు, పసుపు ఇనుము. ఈ ఎర్రచుక్కలు రాగి."

"బతికే ఉన్నాయా అయ్యి?"

"ఉన్నాయమ్మా."

"ఆకలేత్తాదా ఆటికి?"

"మేత ద్రవం పెడతాం. నేనే మారుస్తాను."

"నీ సేత్తోనే?" అని, అప్పలకొండమ్మ ఆ పిల్ల చేతులకేసి చాలాసేపు చూసింది. తర్వాత తెర మీద వేలు పెట్టింది. "ఈ ఎర్రసుక్కల్లో నా సెంబుది ఏది తల్లీ?"

రోజలిన్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇవి మీ చెంబు నీళ్ళు ఎప్పుడూ తాగలేదమ్మా. మా గిన్నెలోనే పుట్టి పెరిగాయి. పక్క గిన్నెలో జబ్బు లేనివాళ్ళ కణాలున్నాయి. రెండింటికీ ఒకటే మేత. వాళ్ళవి ఎక్కువైన రాగిని బయటికి నెట్టేస్తున్నాయి. పాపవి నెట్టలేకపోతున్నాయి."

"అయితే నాను సేసింది కాదా?"

"జబ్బు చెంబు వల్ల రాలేదు. ఉన్న జబ్బుకి ఆ నీళ్ళు కాస్త కలిసుంటాయి. అస్సలు కలవలేదని అబద్ధం చెప్పలేను."

"మరెలా వచ్చింది?"

"పుట్టుకతోనే. అమ్మ నుంచి ఒక లోపం, నాన్న నుంచి అదే లోపం. ఒక్కటే వస్తే ఏం కాదు, రెండూ కలిస్తేనే. మీరిద్దరూ చుట్టాలా అమ్మా?"

"మేనత్త కొడుకే" అంది అప్పలకొండమ్మ.

రోజలిన్ ల్యాప్‌టాప్ మూసింది. "మీ వాళ్ళలో ఎవరికైనా మేనరికం అనుకుంటే, ముందు రక్తపరీక్ష చేయించమనండి" అంది మెల్లగా.

తిరుగు బస్సులో అప్పలకొండమ్మకు కళ్ళ ముందు తన పెళ్ళే. బయట సంబంధం వచ్చిందని తెలిసి, తాతబ్బాయి రెండ్రోజులు అన్నం మానేశాడు. ఆమె తండ్రికి ఎదురు తిరిగి "బావనే సేసుకుంటాను" అంది. ఈ ఇరవయ్యేళ్ళలో అతను నలుగురిలో గొప్పగా చెప్పుకున్నదల్లా ఆ ఒక్క సంగతే, "మాది మేనరికం, బయటి రక్తం కాదు" అని. అతని నోటి మాటనే ఉరితాడు చేసి అతని మెడకే ఎలా వేస్తుంది? తమ్ముడికి మాత్రం రేపే ఫోన్ చేసి రక్తపరీక్ష సంగతి చెప్పాలి, అతనికీ పెళ్ళి చేయాల్సిన పిల్లలున్నారు, ఇది బావ చెవిన పడకూడదని ఒట్టు వేయించుకోవాలి.

ఇంటికి చేరేసరికి తాతబ్బాయి పెనం దగ్గరే ఉన్నాడు. తలెత్తకుండా అడిగాడు. "ఏటన్నాది ఆ పిల్ల?"

"జబ్బుకి సెంబు నీళ్ళూ కలిసేయట బావా."

అది అబద్ధం కాదు. మిగతాది ఆమె చెప్పలేదు.

అతను తెడ్డు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. మూడేళ్ళ తర్వాత ఆమె భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు తెలిసి సేసేవేటి? తల్లివి, మంచికేనని తాగించేవు. పోన్లే. ఇయ్యాల్టితో ఒగ్గేద్దాం. నాను నీ మీద ఏటీ ఎట్టుకోను."

"ఊఁ" అంది అప్పలకొండమ్మ.

ఏదో కట్ట తెగినట్టు అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. రాజశ్రీ వేడి బెల్లం కోసం చెరకు ముక్క పట్టుకుని వెంటపడటం, బళ్ళో పరుగుపందెంలో గెలిచి గ్లాసు తేవడం, తనని "నానోయ్" అని పిలవడం. చెబుతూ నవ్వాడు, ఏడ్చాడు. తప్పు చేసి మన్నింపు పొందినదానిలా తల వంచుకుని, ఆమె అన్నీ విన్నది.