ఫ్యూజులో లావు తీగ

మొన్న మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫోను చేసి పిలిపించిన మనిషి. గీజరుకు వేరే లైను లాగి అరగంటలో వెళ్ళిపోయాడు. పని శుభ్రంగానే ఉంది. అతను స్విచ్ బోర్డు మూత బిగిస్తున్నంతసేపూ నాకు మా బావే గుర్తొచ్చాడు. ఆయన పోయి ఈ నెలకు ఏడాది.

బావ అంటే మా అక్క భర్త. గోదావరిఖని బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, ఎలక్ట్రీషియన్. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడి బడిలో నాకు సైన్సు టీచరు ఉద్యోగం వస్తే, కొన్నేళ్ళు వాళ్ళ క్వార్టర్లోనే ఉన్నాను. కంపెనీ ఇచ్చిన ఆ క్వార్టర్లలో కరెంటుకు బిల్లు లేదు. అందుకని ఇంటింటా తీగచుట్ట ఎర్రగా కాలే హీటరు ఉండేది. అన్నం, పప్పు, స్నానానికి నీళ్ళు, చలికాలంలో చేతులు కాచుకోవడం, అన్నీ దాని మీదే. ఫ్యూజు మాటిమాటికీ పోయేది. ఆఫీసులో కంప్లైంటు రాసి వరుస వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. బావ డ్యూటీ దిగి వస్తుంటే దారిలోనే పిలిచేవారు. ఆయన ఒక చాయ్ తాగి, సన్న ఫ్యూజు తీగ తీసేసి లావు రాగితీగ కట్టేవాడు. "ఇగ పోదు" అనేవాడు. నిజంగానే పోయేది కాదు. బాయిలోకి దిగేముందు నిప్పు భయంతో జేబులు తడిమించుకుని, బీడీ ముక్క కూడా లోపలికి తీసుకుపోని మనిషి, పైకి వచ్చాక ఈ పని చేసేవాడు. అది తప్పని మా క్వార్టర్ల వరుసలో ఎవరికీ తోచలేదు. ఫ్యూజు ఎందుకుంటుందో పిల్లలకు పాఠం చెప్పే నాకూ తోచలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మూడిళ్ళ అవతలి అవ్వ హీటరు మీద పప్పు పెట్టి నడుం వాల్చింది. గోడ మీది వైరు వేడెక్కి అంటుకుంది. ఆ మంట దండెం మీది బట్టలకు పాకింది. బావ అప్పుడే షిఫ్టు దిగి వస్తున్నాడు. బిందెలతో పరుగెత్తుకొచ్చినవాళ్ళను "నీళ్ళు వద్దు, కరెంటున్నది" అని ఆపి, మెయిన్ తీసేసి, ఇసుక పోయించాడు. అవ్వను అప్పటికే బయటికి లాగారు. కుడిచేయి మోచేతి దాకా కాలింది. పొగ తగ్గాక బావ ఫ్యూజు పీకి చూశాడు. గోడ మీది వైరు మాడి మసైంది, ఆయన కట్టిన తీగ మాత్రం చెక్కుచెదరలేదు.

సాయంత్రం దవాఖానకు వెళితే అవ్వే ఆయనను ఓదార్చింది. "నువ్వు మంచి తీగనే కట్టినవు బిడ్డా. గోడకున్న వైరే పాతది."

"కాదవ్వా. వైరు వేడెక్కకముందే ఆ తీగ కాలిపోయి కరెంటు ఆగాలె. కాలకుండ నేనే జేసిన."

మరునాటి నుంచి సన్నతీగ చుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఇంకో ఇల్లు అంటుకునేలోపు తను కట్టినవన్నీ తీసేయాలని ఆయన తొందర. కట్టమని పిలిచినవాళ్ళే, తీస్తానంటే గడప దాటనివ్వలేదు. ఎదురింటావిడ నడుం మీద చేయి వేసుకుని అడిగింది: "అన్నా, ముందుగాల నీ ఇంట్లది తీసినవా? వదిన రెండు హీటర్లు పెట్టి వండుతున్నది, పోయి చూడు." బావ వెనక్కి వచ్చి మా ఫ్యూజు మార్చాడు. సన్నతీగ ఆగదని హీటర్లు రెండూ మంచం కిందికి పోయాయి. అక్క రెండు రోజులు పెరట్లో బొగ్గుపొయ్యి మీద వండుతూ, ఆయనతో నా ద్వారానే మాట్లాడింది. "మీ బావకు చెప్పు, నీళ్ళు కాగలే. చల్లటియే పోసుకొమ్మను." ఆ పొగ వరుసలో అందరికీ కనపడింది. మూడో రోజు ఎదురింటావిడే వచ్చి పిలిచింది. తర్వాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే తలుపు తీశారు. ప్రతి ఇంట్లో బావ ఒకే మాట అనేవాడు: "తప్పు జేసిన. తియ్యనియ్యిండ్రి."

అవ్వ చేతి మీది మచ్చ పోలేదు. రిటైరై క్వార్టరు ఖాళీ చేసేదాకా, ఏటా ఎండలు ముదిరే ముందు ఆయన ఎవరూ అడగకుండానే వరుసంతా తిరిగి ఫ్యూజులు చూసి వచ్చేవాడు. ఆ తర్వాత తెలంగాణ వచ్చింది, ఆ క్వార్టర్లలోకి కొత్తవాళ్ళు వచ్చారు. పిలవని ఇంటికి మరమ్మతుకు ఇప్పుడు ఎవరూ వెళ్ళడం లేదు.