పైకి లేవని ముల్లు

వీధిలో ఆయన్ని ముల్లాయన అంటారు. కారులో స్టీరింగు వెనక ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఒకటి ఉంటుంది కదా, దానివల్ల వచ్చింది ఆ పేరు. ఆయన కారు ఎక్కినవాళ్ళెవరైనా సరే, వీధి మలుపు తిరక్కముందే ఆ ముల్లు చూసి తీరాలి.

"చూశారా? అడుగునే ఉంది. ఎంత దూరం తోలినా కదలదు. మెయింటెనెన్సంటే అదీ!"

చూసినవాళ్ళు తలూపుతారు. చలికాలమైతే తల దానంతటదే ఊగుతుంది, పళ్ళతో సహా. ఎందుకంటే ఆ కారులో హీటరు తిప్పితే చల్లగాలి వస్తుంది. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త చల్లగాలి వస్తుంది.

ఆయన ఉద్యోగం బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. గది గదికీ బయట గోడ మీద గుండ్రటి మీటరు, అందులో ఎర్రగీత. ముల్లు గీత దాటితే దుంప మొలకెత్తుతుంది. దుంప మొలకెత్తితే సరుకు పెట్టిన వ్యాపారి అరుస్తాడు. వ్యాపారి అరిస్తే యజమాని సూపర్‌వైజర్ని పిలుస్తాడు. మీసం మొలిచిన నాటి నుంచి అది నెరిసేదాకా ఆయన చేసిన పనల్లా ముల్లు లేవకుండా చూడటమే. బాగానే చేశాడు, ఉన్నమాట చెప్పుకోవాలి. చిక్కేమిటంటే, లోకంలో బంగాళాదుంపలు కానివి కూడా కొన్ని ఉంటాయని ఆయనకెవరూ చెప్పలేదు. ఇంట్లో పాలు పొంగు రాకముందే పొయ్యి కట్టేస్తాడు. భార్య గొంతు పెరిగితే లేచి వెళ్ళి ఫ్యాను వేస్తాడు.

కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్న ఏడాది ఎండాకాలంలో అత్తవారి వైపు బలగాన్నంతా ఎక్కించుకుని బయల్దేరితే, నడిరోడ్డు మీద ఇంజిన్ మరిగి కుతకుతలాడింది. బానెట్ ఎత్తితే ఆవిరి. బావమరిది వెనక సీట్లోంచి దిగి, చేతులు కట్టుకుని, "బావా, టీపొడి ఉందా? నీళ్ళు రెడీగా ఉన్నాయి" అన్నాడు. అత్తగారు కూడా నవ్వారు. ఆ నవ్వు ఆయన మర్చిపోలేదు.

మర్నాడు మెకానిక్ ఒక చిన్న బిళ్ళ బయటికి తీసి చూపించాడు. దాని పేరు థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను లోపలే ఆపి, వేడెక్కాక రేడియేటర్లోకి వదిలే తలుపు లాంటిది. అది బిగుసుకుపోయింది, కొత్తది వెయ్యాలన్నాడు.

"అసలిది లేకపోతే?" అన్నాడు ముల్లాయన.

"లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది సార్. కానీ అది..."

"చల్లగా ఉంటుందా! ఇంకేం, వదిలెయ్. కొత్తదీ వద్దు, పాతదీ వద్దు."

'కానీ' తర్వాతి మాట ఆయన వినలేదు. వినే అలవాటు ఉంటే సూపర్‌వైజరెందుకవుతాడు? బిళ్ళని ఇంటికి తెచ్చి, అద్దాల బీరువాలో, కూతురికి బడిలో వచ్చిన కప్పు పక్కన పెట్టాడు. వచ్చిన చుట్టానికల్లా దాన్ని చూపించి, కంపెనీలు జనాన్ని ఎలా మోసం చేస్తాయో చెప్పేవాడు. పెట్రోలు ఎక్కువ తాగుతోందంటే బంకువాడి కల్తీ అనేవాడు. హీటర్ పనిచెయ్యడం లేదంటే, "స్వెట్టర్లు కనిపెట్టింది ఎందుకు?" అనేవాడు.

అలా గడిచిపోయేదే. ఈ చలికాలంలో కూతురు కన్నది. ఆడపిల్ల. బరువు తక్కువ. చలిగాలి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది. తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి ముల్లాయన ఇంటికి రావాలని ముందే అనుకున్నారు. ముందుగదిలో ఉయ్యాల బిగించాడు, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాడు. మనవరాలు మొట్టమొదట అడుగుపెట్టేది తన ఇంట్లో, ఎక్కి వచ్చేది తన కారులో. ఈ రెండూ ఆయన వీధంతా చెప్పేశాడు.

వియ్యంకుడు కుళాయిలూ టైల్సూ అమ్మే దుకాణదారు. కొత్త కారు కొన్నాడు. ఆసుపత్రి వరండాలో అందరూ వింటుండగా, "మా దాంట్లో సీట్లు కూడా వేడెక్కుతాయి బావగారూ. పొయ్యి మీద కూర్చున్నట్టే. పాపని నేను దింపుతాలెండి" అన్నాడు.

"మా హీటరుకేం? నిప్పులు కక్కుతుంది" అన్నాడు ముల్లాయన.

భార్య శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు మంచం మీంచే చెప్పింది: "నాన్నా, నీ కారులో వెచ్చగా ఉంటేనే ఎక్కుతాను. లేకపోతే మామయ్యగారి కారులో వచ్చేస్తాను. తర్వాత అలిగితే నాకు తెలీదు."

ఇంటికొచ్చి పనిలో దిగాడు. గాలి ఫిల్టర్ ఊడబీకితే గుప్పెడు ఎండుటాకులు రాలాయి. దొంగ దొరికాడన్నాడు. దొరికిన దొంగ వేరేవాడు, గాలి అంతే చల్లగా ఉంది. రేడియేటర్లో నీళ్ళు నింపాడు. మీట అటూ ఇటూ తిప్పి తిప్పి చేతికొచ్చేలా చేశాడు. భార్యని కూర్చోబెట్టి, గాలి దగ్గర చెయ్యి పెట్టమన్నాడు.

"ఎలా ఉంది?"

"మీ ఆఫీసులా ఉంది."

చివరికి మెకానిక్ దగ్గరికే వెళ్ళాడు. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.

"హీటరుకి ఏ జబ్బూ లేదు సార్. దానికి వేడి ఇంజిన్ నుంచి రావాలి. ఇంజిన్‌కే లేని వేడి అదెక్కణ్ణుంచి తెస్తుంది, అప్పుకెళ్ళాలా? ఆ బిళ్ళ ఉంటేనే ఇంజిన్ వేడెక్కేది. మీ బీరువాలో కూర్చుందే, అది."

"మరి అప్పుడే చెప్పవేం?"

"చెప్పబోయాను. తర్వాత కలిసినప్పుడల్లా మీరు ముల్లు చూపించారు."

ముల్లాయన టైరుని కాలితో తన్ని చూశాడు. తర్వాత బేరం పెట్టాడు. "సరే, కొత్తది వెయ్యి. కానీ ముల్లు లేవకూడదు."

"పొయ్యి వెలిగించకూడదు, అన్నం మాత్రం ఉడకాలంటే ఎలా సార్? సగానికొచ్చి ఆగుతుంది. దాని చోటే అది. అన్ని కార్లకీ అక్కడే ఉంటుంది."

కొత్త బిళ్ళ వేసి మెకానిక్కే కారు తోలి చూపించాడు. ముల్లాయన పక్క సీట్లో కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర్నుంచి వెచ్చటి గాలి లేచింది. వెనక సీట్లో భార్య, ఆ కారులో మొట్టమొదటిసారి, శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఇది మన కారులోనే ఉందన్నమాట" అంది. మెకానిక్ చేతులు అడ్డం ఉండి ముల్లు కనిపించలేదు. కనిపించి ఉంటే ఆ వెచ్చదనం అక్కడే ముగిసిపోయేది.

ఆసుపత్రి నుంచి పంపే రోజు వియ్యంకుడు ఖాళీ కారుతో వచ్చాడు. ఎందుకైనా మంచిదని అన్నాడు. ఆయన మొహంలో ఆ ఎందుకు ఏమిటో స్పష్టంగానే ఉంది. అల్లుడు సామానుతో తండ్రి కారు ఎక్కాడు. కూతురు పాపని ఒళ్ళో పెట్టుకుని ముల్లాయన కారులో వెనక కూర్చుంది, పక్కన తల్లి. వెనకే వియ్యంకుడి కారు.

ఊరి పెద్దరోడ్డు ఎక్కేసరికి కారు వెచ్చబడింది.

"నాన్నా! నిజంగానే బాగు చేయించావే! పాప చూడు, ఎంత హాయిగా పడుకుందో."

ముల్లాయన మెడ ఒక అంగుళం పొడుగైంది. ఆ పొడుగైన మెడతో అలవాటు కొద్దీ కిందికి చూశాడు. ముల్లు లేచి ఉంది.

"ఏమేవ్, లేచింది."

"సగంలో ఆగుతుందన్నాడుగా."

"ఆ సంగతి ముల్లుకి తెలుసా?"

ముల్లు సగానికి వచ్చింది. ఆగింది. ఆగినందుకు సంతోషించాల్సిన మనిషికి చెమటలు పట్టాయి. సిగ్నల్ దాటాడు, కదల్లేదు. వంతెన దాటాడు, కదల్లేదు. "బిగుసుకుపోయింది. ఇప్పుడు ఒక్కసారిగా మరుగుతుంది" అని, కారు పక్కకి లాగి, ఇంజిన్ ఆపి, ముల్లు కనిపించేలా తాళం ఒక మెట్టు తిప్పి ఉంచి, దిగి బానెట్ ఎత్తేశాడు. ఆవిరి లేదు. పొగ లేదు. ఆవిరి రాలేదని కాస్త నిరాశపడ్డట్టు కూడా కనిపించాడు.

వియ్యంకుడు కారాపి వచ్చాడు. "ఏమైంది బావగారూ?"

"ముల్లు."

వియ్యంకుడు తల లోపలికి పెట్టి చూశాడు. "సగంలోనే ఉంది కదండీ. మాదీ అక్కడే ఉంటుంది."

"అందుకే కొత్త కార్లు ఎక్కువకాలం నిలవ్వు."

ఇంజిన్ ఆగింది కనక వెచ్చటి గాలీ ఆగింది. తెరిచిన డ్రైవరు తలుపులోంచి చలి నేరుగా లోపలికి వచ్చింది. అద్దాలు మసకబారాయి. "నాన్నా, స్టార్ట్ చెయ్యి" అంది కూతురు. "చల్లారనీ అమ్మా, ఒక్క పది నిమిషాలు" అన్నాడు. పాప తుమ్మింది. చిన్న తుమ్మే. కూతురు దుప్పటి పాప తల మీదిదాకా లాగి, దిగి, మామగారి కారు ఎక్కింది. భార్య కూడా శాలువా కప్పుకుని దిగింది.

"నువ్వెక్కడికి?"

"మీ దుంపలు మీరు చూసుకోండి. చల్లారాక రండి."

ముల్లు అడుగుకి దిగేదాకా ఆయన రోడ్డు పక్కనే నిలబడ్డాడు. ఇల్లు చేరేసరికి ముందుగదిలో ఉయ్యాల ఖాళీగా ఉంది. ఫోన్ మోగింది. "మా ఇల్లు దారిలోనే కదా బావగారూ. పాప వెచ్చగా పడుకుంది, లేపడమెందుకని ఇక్కడే దించేశాం. చలి తగ్గాక చూద్దాంలెండి."

మర్నాడు కొత్తది తీసెయ్యమంటే మెకానిక్ ఈసారి ఏమీ వాదించలేదు. బిళ్ళ ఊడదీసి, తుడిచి, ఆయన చేతిలో పెట్టి, "ఇది కూడా బీరువాలోకేనా సార్?" అని మాత్రం అడిగాడు. ఇప్పుడక్కడ కప్పుకి అటొకటి, ఇటొకటి ఉన్నాయి.

రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక మనవరాలిని చూడటానికి వెళ్తాడు. మఫ్లర్ చుట్టుకుని, ఆ కారులోనే, ఒక్కడే. భార్య తన రాకపోకలకి వియ్యంకుడి కారు మాట్లాడుకుంది. ఆయన గదిలోకి రాగానే కూతురు చెయ్యి అడ్డం పెడుతుంది. "ఆగు నాన్నా, ఐసుముక్కల్లా ఉన్నాయి చేతులు. వెచ్చబెట్టుకుని ముట్టుకో."

గది మూల కరెంటు హీటరు ముందు చిన్న స్టూలు వేసి ఉంది. ఆయన కోసమే వేశారు. దాని మీద కూర్చుని, రెండు చేతులూ చాపి, వేళ్ళు తిన్నగా అయ్యేదాకా కాచుకుంటాడు. ఉయ్యాల అవతలి పక్క వియ్యంకుడు పాపని ఎత్తుకుని ఉంటాడు.

"ఈ చలిలో అంత దూరం వచ్చానా," అంటాడు ముల్లాయన, చేతులు తిప్పి కాచుకుంటూ, "ముల్లు కదిలితే ఒట్టు బావగారూ."