తాళం తప్పని పెళ్లి

మిర్యాలగూడ పెళ్లిళ్లలో గిటార్ వాయించే ఫకీరాకు పాటకన్నా దెబ్బకే పేరు. ఒకసారి కోదాడలో, స్టేజీ మీదనే, తాళం తప్పాడని డ్రమ్ముల జీవన్‌ను చెంపమీద కొట్టాడు. ఎవరో తీసిన ఆ వీడియో ఫోన్లలో తిరిగాక పెళ్లిళ్లకు పిలుపులు పెరిగాయి. ఫకీరా మాత్రం ఆ పేరు పోవాలని, రోజూ పొద్దున్నే జీవన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేయించాడు.

సూర్యాపేట పెళ్లిలో జీవన్ ఒక్కసారీ తాళం తప్పలేదు. జనం విసుగ్గా భోజనాలకు లేచారు.

“ఏందన్నా, గిట్ల సక్కగ వాయించెటందుకా మిమ్ముల పిలిచింది?” అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. “కొట్లాటేది?”

“తాళం తప్పలే గద,” అన్నాడు ఫకీరా.

“జర ఒక్కటెయ్యి. లేకుంటే రేపటి రిసెప్షన్‌కు వేరేటోళ్లను పిలుస్తం.”

జీవన్ చెంప చూపించాడు. “కానియ్ అన్నా.”

ఫకీరా చెయ్యెత్తాడు గానీ, అంత బాగా వాయించినవాణ్ని కొట్టబుద్ధి కాలేదు. మెచ్చుకుంటూ భుజం గట్టిగా చరిచాడు. అది దెబ్బే అనుకుని, జనం ప్లేట్లతోనే ఈలలేస్తూ వెనక్కొచ్చారు.